దగ్గు ఆగిన తరువాత

వారాలు గడిచినా తగ్గని దగ్గును సుద్దముక్కల ధూళి మీదకు నెట్టి, పాఠాలు చెప్పుకుంటూ రెండు నెలలు గడిపాను. దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి నల్లగొండకు వెళ్ళి తెమడ పరీక్ష చేయించుకున్న నాటికి నా బరువు 46 కిలోలు. ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. ఆరు నెలల చికిత్స; ఆ బరువుకు రోజుకు మూడు మాత్రలు. మొదటి రెండు నెలలు వాటిలో నాలుగు మందులు కలిసి ఉంటాయి, ఆ తరువాతి నాలుగు నెలలు మూడు మందులు.

ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుందని నర్సు ముందే చెప్పింది. అయినా మొదటిసారి ఆ రంగు చూసినప్పుడు కాళ్ళు వణికాయి.

మూడో నెలకు దగ్గు పూర్తిగా ఆగింది, ఆకలి పెరిగింది, బరువు 50 దాటింది. మాత్రలు మింగాక కడుపులో తిప్పడం మాత్రం పోలేదు. మంచిగున్న మనిషిని రోజూ ఉదయం నాకు నేనే రోగిని చేసుకుంటున్నానన్న భావన బలపడి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తొమ్మిది రోజులు మాత్రలు మానేశాను. మూత్రం మామూలు రంగుకు రాగానే జబ్బే వదిలినంత ఊరట కలిగింది.

పదో రోజు ఆశా కార్యకర్త వచ్చి మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది. కోప్పడలేదు. "దగ్గు వోయింది గని లోపటి పురుగు సావలే సార్. నడుమల ఇడిసిపెడితే రేపు గీ గోలీలకు అది లొంగది" అన్నది. తరువాత, "పొద్దుగాల లేవంగనే ముందుగాల ఏం జేస్తరు?" అని అడిగింది. పళ్ళు తోముకుంటానన్నాను. మాత్రల అట్టను తీసుకెళ్ళి పేస్టు పక్కన పెట్టించి, ఆ సంగతి నా భార్యకు చెప్పి వెళ్ళింది.

బి.ఎడ్.లో మనస్తత్వశాస్త్రం చదివినవాణ్ణి కనుక, ఆ తొమ్మిది రోజులు నాకు ఏమైందో తెలుసుకోవాలనిపించి మళ్ళీ పుస్తకాలు తెరిచాను. ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా ప్రజలు క్షయ పరీక్షకు ఎందుకు రావడం లేదన్న ప్రశ్న నుంచే, 1950లలో అమెరికా ప్రజారోగ్య సేవలో పనిచేసిన హాక్‌బామ్, రోసెన్‌స్టాక్ తదితరులు ఆరోగ్య విశ్వాస నమూనాను రూపొందించారని చదివి కదిలిపోయాను. ఆ ఆలోచన నా జబ్బు దగ్గరే పుట్టింది. జబ్బు తనకు వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, మందు వల్ల మేలెంత, ఇబ్బంది ఎంత అని మనిషి తూకం వేస్తాడని అది చెబుతుంది. అయితే క్షయ ప్రాణాంతకమని నాకు తెలుసు. ఆ తెలివిడి నా చేత మాత్ర మింగించలేదు. రోగి తన జబ్బు గురించి తనదైన బొమ్మ గీసుకుంటాడని, లక్షణం ఉంటేనే జబ్బు ఉన్నట్టు లెక్కిస్తాడని మనస్తత్వవేత్త లెవెంథల్ చెప్పిన మాటే నాకు సరిగ్గా సరిపోయింది. నాది నిర్లక్ష్యమని అన్నవారున్నారు. ఆ మాటను ఇప్పటికీ ఒప్పుకోను. నేను నా శరీరాన్ని నమ్మాను.

ఫలానా పని కాగానే ఫలానా పని చేస్తానని ముందే ముడివేసుకుంటే సంకల్పం నిలుస్తుందని మరో మనస్తత్వవేత్త గోల్‌విట్జర్ 1999లో రాశాడు. పేస్టు పక్కన అట్ట పెట్టించిన ఆశా కార్యకర్త చేసిన పని అదే. ఆ తరువాత ఒక్క పూట కూడా తప్పలేదు.

తప్పిన తొమ్మిది రోజుల మాత్రలను డాక్టరు సూచన ప్రకారం చివర్లో కలిపి వేసుకున్నాను. మందు ఆపాక మూత్రం మళ్ళీ మామూలు రంగుకు వచ్చింది. తెమడలో క్రిములు లేవని రాసిన కాగితం అప్పటికే నా చొక్కా జేబులో ఉంది.