అద్దం తిప్పడంతో మొదలైన చదువు

కోనసీమలోని మా కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలలో సూక్ష్మదర్శినులన్నీ కిటికీల వెంబడి ఉండేవి. వాటి అడుగున బల్బు ఉండేది కాదు. ఒకవైపు సమతలంగా, మరోవైపు పుటాకారంగా ఉన్న అద్దం ఉండేది కాబట్టి కొబ్బరితోట మీదుగా వచ్చే పగటి వెలుగే మాకు ఆధారం. స్లైడు కింద వెలుగును కూడగట్టే కటకమైన కండెన్సర్ వాడినప్పుడు సమతల దర్పణం, అది లేకుండా తక్కువ వర్ధనంతో చూసేటప్పుడు పుటాకార దర్పణం వాడాలనీ, అద్దాన్ని నేరుగా సూర్యుడి వైపు ఎన్నడూ తిప్పకూడదనీ మాస్టారు మొదటి తరగతిలోనే కట్టడి చేశారు. వెలుతురు కుదరనిదే స్లైడు చేతికిచ్చేవారు కారు.

స్లైడుకు దగ్గరగా ఉండే వస్తుకటకం తలకిందులైన, పెద్దదైన నిజ ప్రతిబింబాన్ని గొట్టంలో ఏర్పరిస్తే, కంటి దగ్గరుండే అక్షికటకం దానిని ఇంకా పెద్దది చేసి మిథ్యా ప్రతిబింబంగా చూపుతుంది. 10 రెట్ల అక్షికటకానికి 45 రెట్ల వస్తుకటకం తోడైతే వర్ధనం 450 రెట్లు. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది గనుక, చెరువు నీటి చుక్కలో పారమీషియం అనే ఏకకణ జీవి వెంటపడిన వారందరూ మొదట్లో దానిని పోగొట్టుకున్నవారే.

నాకు బాగా గుర్తున్నది అజొల్లా. వరిమడి నుంచి తెచ్చిన ఆ చిన్న మొక్క ఆకును కవర్ స్లిప్ కింద మెల్లగా నలిపితే, లోపల కాపురముండే అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు పూసలదండలా బయటపడేది. పూసల మధ్య అక్కడక్కడా కాస్త పెద్దవిగా, పాలిపోయినట్టు కనిపించే హెటిరోసిస్టులే గాలిలోని నత్రజనిని స్థిరీకరించే కణాలు. అజొల్లాను మన రైతులు పచ్చిరొట్టగా వాడడానికి కారణం అవే. అయితే స్లైడుకు చేరే వెలుగును మీటతో తగ్గించి పెంచే ఐరిస్ డయాఫ్రమ్ పూర్తిగా తెరిచి ఉంటే వెలుగు వెల్లువలో కణకవచాలు కలిసిపోయేవి. కాస్త మూస్తే అంచులు తేలేవి. మరీ మూస్తే వివర్తనం వల్ల, అంటే కాంతి అంచుల దగ్గర వంగడం వల్ల, ప్రతి అంచు చుట్టూ లేనిపోని గీతలు పుట్టుకొచ్చేవి. ఆ చిన్న మీట దగ్గరే మాకు అసలు పాఠం జరిగిందని నా అభిప్రాయం.

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబే 1873లో చెప్పిన హద్దు కూడా ఇక్కడే అర్థమైంది. అతి దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపగలగడం కాంతి తరంగదైర్ఘ్యం మీద, కటకం ఎంత వెడల్పు కోణం నుంచి కిరణాలను అందుకోగలదో చెప్పే న్యూమరికల్ అపెర్చర్ మీద ఆధారపడుతుంది. ఆ అపెర్చర్ 0.65గా ఉన్న 45 రెట్ల కటకం ఆకుపచ్చ కాంతిలో సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడాన్ని విడదీయగలదు; అక్షికటకం మార్చి వర్ధనం రెట్టింపు చేసినా మసకే పెద్దదవుతుంది. 100 రెట్ల కటకానికీ కవర్ స్లిప్‌కూ మధ్య సెడార్ నూనె చుక్క వేసేది అందుకే: దాని వక్రీభవన గుణకం గాజుకు దాదాపు సమానం కనుక, గాలిలోకి వంగిపోవలసిన కిరణాలు కూడా కటకంలోకి చేరుతాయి. ఆ కటకం మాత్రం మాస్టారి బీరువాలో ఉండేది. పెరుగులోని బాక్టీరియాను చూపే రోజున బయటికొచ్చి, నూనె తుడిచాక మళ్లీ తాళం లోపలికి వెళ్లేది.