అరచేతిలో ఖాళీ: ఎయిర్ పిస్టల్ పిడి సరిచేసిన వివరాలు

కోనసీమలోని అంబాజీపేట దగ్గర మా కొబ్బరికాయల కొట్టం పొడవు పది మీటర్లకు కాస్త ఎక్కువ. కాయలు లారీకి ఎత్తేశాక ఖాళీ అయిన ఆ చోటే నా సాధనకు ఆధారం. చివర ఏటవాలు ఇనుప రేకు బిగించిన పెట్టె, దాని ముందు కాగితపు గురి.

జులై రెండో వారం. తప్పిన పెల్లెట్లన్నీ (పిస్టల్ పేల్చే చిన్న గుళ్లు) ఎడమకు, కిందికే పోతున్నాయి. ట్రిగ్గర్ లాగుతూ పిడిని పిసుకుతున్నానని తెలుసు. ఎందుకు పిసుకుతున్నానో తెలియలేదు. నా పిస్టల్‌కు ముందు వెనుక గురిపట్టీల మధ్య దూరం 32 సెంటీమీటర్లు. ముందు పట్టీ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో దెబ్బ మూడు సెంటీమీటర్లు తప్పుతుంది. గురి నడిమధ్యన పది పాయింట్లిచ్చే వలయం అడ్డుకొలతేమో 11.5 మిల్లీమీటర్లే. అంటే పది పడాల్సిన చోట ఏడు.

ఆదివారం. అరచేతికి పౌడరు రాసుకుని, కొయ్య పిడిని కాసేపు పట్టుకుని వదిలాను. అరచేతిలో మణికట్టు వైపు భాగం ఆనే చోట, నడిమి వేలి కింద పిడికి పౌడరు అంటనే లేదు. ఆ ఖాళీని పూడ్చడానికే చెయ్యి బిగుసుకుంటోంది. ఇన్నాళ్లూ నా వేళ్లను తిట్టుకున్నాను, తప్పు వాటిది కాదు.

సోమవారం. పిస్టల్‌లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసి, గాలి సిలిండర్ విప్పి పక్కన పెట్టాను. ట్రిగ్గర్ చుట్టూ టేపు చుట్టాను. ఖాళీలున్న చోట కొయ్య మీది నునుపును ఉప్పుకాగితంతో పోగొట్టాను, లేకపోతే పూడ్చే ముద్ద పట్టదు. కలిపితే గట్టిపడే ఎంసీల్ రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా పిసికి, ఆ చోట్ల అద్దాను. పైన పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పి, నిలబడి, చెయ్యి చాచి, కొట్టేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకున్నాను. కుర్చీలో కూర్చుని అచ్చు తీస్తే మణికట్టు కోణం మారిపోతుంది. ఈ పనిలో ముఖ్యమైన మెలకువ ఇదే.

మరునాడు పిడిని ఎలెన్ కీతో విప్పి, పొంగిన అంచులను ఆకురాయితో, తర్వాత 120 నంబరు ఉప్పుకాగితంతో దించాను. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకూ మూతికీ మాస్కు తప్పనిసరి.

మా వడ్రంగి మేస్త్రి గారు చూసి, "వార్నిష్ వెయ్యండి బాబూ, అద్దంలా ఉంటుంది" అన్నారు. ఆయన మాట మీద గౌరవంతో వేశాను. కానీ ఈ సీమలో ముసురు పట్టిందంటే అరచెయ్యి ఆరదు. పదో పెల్లెట్‌కే పిడి జారింది. రెండు రోజుల తర్వాత వార్నిష్ గీకేసి, సన్నని మేకుతో చుక్క పక్కన చుక్క పొడిచాను. గంటన్నర పట్టింది. ఇప్పుడు చెమట పట్టినా పిడి కదలదు.

పోటీ నియమాలను దృష్టిలో పెట్టుకునే ముద్దను మణికట్టు దాకా పోనివ్వలేదు. పిడి చేతిని దాటి ఇంకెక్కడా తాకకూడదు, మణికట్టు స్పష్టంగా విడిగా కనిపించాలి. బరువు కూడా తూచాను, 1500 గ్రాముల హద్దుకు చాలా లోపలే ఉంది.

ఆగస్టు మొదటి వారం. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, కళ్లు తెరిస్తే గురిపట్టీలు వాటంతట అవే వరుసలో ఉంటున్నాయి. ఎడమకు పోవడం బాగా తగ్గింది. చిటికెన వేలి దగ్గర మాత్రం ఇంకా కాస్త ఒత్తుకుంటోంది. రేపు అక్కడ 220 నంబరు కాగితంతో కొంచెం కొంచెంగా తీస్తాను.