హిస్టరీలో పీజీ, పీహెచ్‌డీ చేయాలనుకునే సీమ పిల్లలకు

మన సీమలో ఎవరైనా హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నేళ్లు ఖర్చులకు ఎట్లా?" న్యాయమైన ప్రశ్న. జవాబుంది, కానీ సీటొచ్చాక వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది. ఎంఏలో చేరిన ఏడాదే మొదలుపెట్టాలి.

ఎంఏకి రెండు దారులున్నాయి. మన రాష్ట్ర యూనివర్సిటీలకైతే ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ, ఢిల్లీ, బనారస్‌లకైతే కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ. రెండూ రాయండి. సీయూఈటీలో 75 ప్రశ్నలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. హిస్టరీ పేపరు తెలుగులో ఉండదు. తెలుగు మీడియం పిల్లలకు నష్టం జరిగేది ఎక్కువగా ఇక్కడే. రైతువారీ (నేరుగా రైతు నుంచే శిస్తు తీసుకునే పద్ధతి) అంటే ఏమిటో బాగా తెలుసు, బ్రిటిష్ కలెక్టర్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల్లో, అంటే అప్పటి మన సీమలో, ఏం చేశాడో తెలుసు, కానీ అదే మాట ఇంగ్లిషులో కనబడితే తడబడతారు. రోజుకు 20 పదాల చొప్పున ఒక నోటు పుస్తకంలో రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకుంటే మూడు నెలల్లో ఆ ఇబ్బంది తీరుతుంది.

సర్టిఫికెట్ల దగ్గర మంచి మార్కులొచ్చిన వాళ్లు కూడా దెబ్బతింటారు. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరుగా తీసుకోవాలి. అంతకుముందు మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోండి, రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. క్రీమీలేయర్ ఆదాయ పరిమితి 8 లక్షలు, అందులో వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. ఏ రిజర్వేషనూ లేని కులాల పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ కోటాకు పరిమితి అంతే గానీ అన్ని ఆదాయాలూ కలుపుతారు, పైగా కుటుంబానికి ఐదెకరాలు, అంతకుమించి పొలం ఉంటే అర్హత పోతుంది. నీళ్లు లేని మెట్ట అయినా అంతే. మన ప్రాంతానికి ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ నిబంధన అది. ఈ సర్టిఫికెట్లకు తేదీ ముఖ్యం, ఏ ఆర్థిక సంవత్సరానిది అడిగారో చూసి తీసుకోండి.

ఇక డబ్బు. అన్నిటికంటే గట్టి ఆధారం జేఆర్‌ఎఫ్, అంటే యూజీసీ నెట్ పరీక్షలో మంచి మార్కులొస్తే ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. ఏడాదికి రెండుసార్లు పరీక్ష, అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ వన్‌లో 50 ప్రశ్నలు, హిస్టరీలో 100, మొత్తం 300 మార్కులు, నెగెటివ్ లేదు. అందుకే ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 లోపు ఉండాలి, ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత పని సమీక్షించి సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) ఇస్తే 42,000. 2024 జూన్ నుంచి నెట్‌లో జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతలతో పాటు మూడో కేటగిరీ కూడా వచ్చింది. అందులో పాసైతే పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత, ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. డబ్బు ఉండదు. ఫలితాలు చూసి "నెట్ వచ్చింది" అని సంబరపడే ముందు ఏ కేటగిరీనో చూసుకోండి.

జేఆర్‌ఎఫ్ వచ్చినా మొదటి నెల నుంచే ఖాతాలో పడుతుందనుకోవద్దు. చేరిన కాగితాలు, బ్యాంకు వివరాలు యూనివర్సిటీ ధ్రువీకరించాలి, తర్వాత కూడా నెలనెలా హాజరు ఖరారు చేయాలి. ఒక సంతకం ఆగితే డబ్బూ ఆగుతుంది. నాలుగు నెలల మెస్ ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి.

జేఆర్‌ఎఫ్ రాకపోతే ఎస్సీ, ఓబీసీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఫెలోషిప్‌లున్నాయి. ఎస్టీలకూ వేరుగా ఉంది. సెంట్రల్ యూనివర్సిటీలో సీటొస్తే ఏ ఫెలోషిప్ లేనివాళ్లకు నెలకు 8,000 నాన్ నెట్ ఫెలోషిప్ ఉంది. దానితో మెస్ బిల్లు గడుస్తుంది, ఆర్కైవ్‌కు తిరగడం గడవదు. పీహెచ్‌డీ రిజిస్టర్ అయ్యాక చరిత్ర పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఐసీహెచ్‌ఆర్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఒకేసారి రెండు ఫెలోషిప్‌లు తీసుకోకూడదు.

విదేశాల్లో చదవాలంటే అమెరికా పీహెచ్‌డీలు చాలావరకు ఫీజు మాఫీ, స్టైపెండుతోనే వస్తాయి. గడువు డిసెంబర్, జనవరి. మూడు రికమండేషన్ లెటర్లు, మీరు రాసిన వ్యాసమొకటి రాతనమూనాగా కావాలి. అప్లికేషన్ ఫీజు మాఫీ చేయమని ముందే అడగండి, చాలా చోట్ల ఇస్తారు. స్కాలర్‌షిప్ లేకుండా, పొలం తాకట్టు పెట్టి మాత్రం హిస్టరీ ఎంఏకి విదేశాలకు వెళ్లొద్దు. ఎస్సీ విద్యార్థులు ఆశపెట్టుకునే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో భారత చరిత్ర, సంస్కృతికి సంబంధించిన అంశాలను మినహాయించారు. దాన్ని నమ్ముకునే ముందు తాజా మార్గదర్శకాలు చదవండి.

ఎక్కడికి పంపినా చివరికి తేల్చేది ప్రపోజలే, అంటే మీరేం పరిశోధిస్తారో చెప్పే కాగితమే. "రాయలసీమలో కరువులు" అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే చిక్కుపడతారు. అది ఒక జన్మకు సరిపడే అంశం. దాన్నే ఇలా కుదించండి: 1876-78 నాటి ధాత కరువులో కడప జిల్లా కరువు పనుల్లో కూలి. 1877 మొదట్లో కరువు పనులు చూడ్డానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఇచ్చేది ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. దాన్ని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వ్యతిరేకించాడు. ఇప్పుడు మీకొక ప్రశ్న ఉంది: కడప క్యాంపుల్లో ఆ కూలికి జనం ఏం చేశారు, పని మానేశారా, ఊళ్లు విడిచారా? ఆధారాలెక్కడంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్‌తో మొదలుపెట్టొచ్చు. కడపలో సీపీ బ్రౌన్ గ్రంథాలయం చేతికందే దూరంలోనే ఉంది.

ఇక్కడొక పొరపాటు తరచూ జరుగుతుంది. 1877 నాటి "అనంతపురం జిల్లా" కాగితాలు అడిగితే దొరకవు, ఆ జిల్లా ఏర్పడింది 1882లో. అంతకుముందువి బళ్లారి కింద వెతకాలి. మదనపల్లెవి కడప కింద ఉంటాయి, ఎందుకంటే చిత్తూరు జిల్లా వచ్చింది 1911లో. ప్రపోజల్లో ఏ కాగితాలు ఏ జిల్లా కింద ఉన్నాయో చెప్పే ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాసి ఉంటే, చదివే ప్రొఫెసరుకు మీరు కాగితాల దాకా వెళ్లగలరని అర్థమవుతుంది.

లెటర్లు అడిగేటప్పుడు గడువుకు ఆరు వారాల ముందే సార్‌కో మేడమ్‌కో ఈ ప్రపోజల్ ఇవ్వండి, పక్కన మీ ఎంఏ పేపరొకటి జోడించండి. లేకపోతే "క్రమశిక్షణ గల విద్యార్థి" అన్న ఒక్క ముక్కే రాసిస్తారు, ఎంపిక కమిటీకి దానివల్ల ఏమీ తెలియదు.