షుగర్ 200 ఉన్న కణాలు

ఆదివారం. పొద్దున్నే బస్సెక్కాను. బోస్టన్‌లో రాత్రంతా మంచు పడింది. బస్సులో డ్రైవరూ నేనూ, అంతే. సెల్స్‌కి ఆదివారం ఉండదు మరి. మేం ల్యాబ్‌లో పెంచే కె562 అనే లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు దాదాపు రోజుకోసారి రెట్టింపవుతాయి. కాస్త అశ్రద్ధ చేస్తే ఫ్లాస్క్‌లో వాటి తిండి, అంటే ఎర్రటి మీడియం, పసుపుపచ్చకి తిరిగిపోతుంది.

జన్యువుల్ని ఒక్కోటిగా పాడుచేసి, ఏది లేకపోతే కణం బతకదో చూసే పరీక్ష క్రిస్పర్ స్క్రీన్. ఇవాళ దానికి తొమ్మిదో రోజు. జీవక్రియకు పనికొచ్చే జన్యువులు సుమారు 3,000, ఒక్కోదానికి పదేసి గైడ్‌లు (జన్యువును కత్తిరించే ఎంజైమ్‌కి దారి చూపే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు), మొత్తం 30,000. కణానికి ఒక్క గైడే దూరేలా వైరస్‌తో ఎక్కించాం. అది ఆ ఎంజైమ్‌ని తీసుకెళ్లి తన వంతు జన్యువును పాడుచేయిస్తుంది. రెండు వారాల తర్వాత సీక్వెన్సింగ్‌లో, అంటే కణాల డీఎన్‌ఏ చదివి, గైడ్‌లకి హాజరు వేస్తాం. పిలిస్తే పలకని గైడ్ ఏ జన్యువుదో, అది లేకపోతే ఈ లుకేమియా కణానికి గడవదన్నమాట. హాజరు నమ్మదగ్గది కావాలంటే గైడ్‌కి వెయ్యి కణాలైనా ఉండాలి. అంటే మీడియం మార్చిన ప్రతిసారీ మూడు కోట్లు ఉంచుకుని, మిగతావి బ్లీచ్‌లో పోయడం. నీలం రంగు కలిపి మైక్రోస్కోప్ కింద చూస్తే చచ్చినవి నీలంగా, బతికినవి మెరుస్తూ కనిపిస్తాయి. ఇవాళ నీలాలు తక్కువే. హమ్మయ్య.

అసలు ఈ స్క్రీన్ రెండోసారి చేయడం. మొదటిసారి, లేకపోతే గడవని జన్యువుల జాబితాలో జీపీటీ2 అనే జన్యువు పై వరుసలో వచ్చింది. లివర్ టెస్టు రిపోర్టులో ఎస్‌జీపీటీ అని ఉంటుందే, దాని తోబుట్టువు. పైరువేట్ అనే పదార్థం నుంచి అలనైన్ అనే అమైనో ఆమ్లం తయారుచేస్తుంది. ఎగిరి గంతేశాను. మా ప్రొఫెసర్‌గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "నువ్వు వాడిన మీడియంలో అలనైన్ ఉందా?" లేదు. నేను వాడిన ఆర్‌పీఎంఐ 1640 అనే మీడియంలో అలనైన్ వేయరు. బయట దొరకనప్పుడు సొంతంగా వండుకోక చస్తాయా! మనిషి రక్తంలో అది బోలెడుంటుంది. ఇదే సంగతి 2021లో ఒక పేపర్‌లో వచ్చింది. చదివాను కూడా. చదివీ మర్చిపోయాను, అదీ నా తెలివి.

అందుకని ఈసారి సగం ఫ్లాస్కులకి ఆర్‌పీఎంఐ, సగానికి రక్తపు ప్లాస్మాని పోలిన మీడియం.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, తిన్నావా?" లేదని చెప్పకుండా మాట మార్చి, కణాల తిండి గురించి చెప్పాను. ఆర్‌పీఎంఐలో గ్లూకోజ్ లీటరుకి 2 గ్రాములు. అమ్మ గ్లూకోమీటర్ భాషలో అయితే 200.

"200 ఏంట్రా! పరగడుపునేనా?"

పరగడుపు లేదు, భోజనం లేదు, ఎప్పుడూ అంతేనమ్మా అన్నాను. కొత్త మీడియంలో 90 అంటే శాంతించింది.

వచ్చేటప్పుడు బస్సు పిల్లల ఆసుపత్రి మీదుగానే వచ్చింది. అక్కడికి వచ్చినప్పుడల్లా మా భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. లుకేమియా పిల్లలకి ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా జోరందుకుంటోందని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఇక్కడే గమనించాడు. అయితే దాన్ని అడ్డుకునేది కావాలి. లెడర్లీ అనే మందుల కంపెనీలో సుబ్బారావుగారి బృందం అమైనాప్టెరిన్ అనే మందు తయారుచేసి పంపింది. 1948లో ప్రచురించిన లెక్క ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం నయమనిపించింది. గైడ్‌లు లేవు, సీక్వెన్సింగ్ లేదు. ఏం పెడితే జబ్బు పెరుగుతోందో చూశారు. నేనేమో ఏం పెడుతున్నానో చూసుకోకుండానే 30,000 గైడ్‌లు ఎక్కించాను.

సాయంత్రం మళ్లీ అమ్మే చేసింది. రేపూ పొద్దున్నే వెళ్లాలన్నాను. కొత్త మీడియంలో గ్లూకోజ్ తక్కువ కదా, తొందరగా అయిపోతుంది, తరచూ మార్చాలి.

"అంతే మరి, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు" అంది అమ్మ. "మా డాక్టరుగారూ నాకదే చెప్పారు."