చిట్టాలో '+1'

ఈ రోజు శనివారం, బట్వాడా రోజు. మధ్యాహ్నం ఓనరు గారు డబ్బు కట్టలు నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. అందులో సగం, మొన్న మధురవాడ సైటులో ఫ్లాటు కొన్నాయన రిజిస్ట్రేషన్ విలువకు పైన చేతికిచ్చిన డబ్బే. దాన్ని బ్యాంకులో వేయలేం, బిల్లుతో సిమెంటు కొనలేం, ఇక అది పోయే దారి కూలి ఒక్కటే. కూలీలకు ఖాతాలు లేవు కాబట్టి నగదు ఇస్తున్నాం అంటారు గానీ, మా సైటు పక్క బడ్డీలో పది రూపాయల టీకి కూడా వాళ్లు ఫోన్‌పే కొడుతున్నారు.

ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కల్లో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. అందుకే మేస్త్రి ఒక్కడి చేతికిచ్చే 84,000ను తొమ్మిది వోచర్లుగా విడగొట్టి రాస్తాను. కొన్నిటి మీద పేర్లు కూడా నేనే పెట్టాను. ఆరేళ్లుగా చేస్తున్న పని ఇది, ఇవాళే మొదటిసారి చెయ్యి ఆగింది.

ఎందుకంటే సాయంత్రం డబ్బు పంచడానికి సైటుకు వెళితే, ఇటుకలు మోసే అక్క ఒకామె పక్కకు పిలిచింది. శ్రీకాకుళం నుంచి వచ్చి భార్యాభర్తలు ఇద్దరూ ఇక్కడే రేకుల షెడ్డులో ఉంటున్నారు. "లేబర్ కార్డు కోసం తొంభై రోజులు పనిచేసినట్టు కాయితం కావాలంట మేడమ్, మీరు ఇస్తారేటి?" అని అడిగింది. అడిగింది న్యాయమే. 18 ఏళ్లు నిండి 60 దాటని భవన నిర్మాణ కార్మికులు ఎవరైనా, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చన్న నియమం 1996 చట్టం నుంచీ ఉంది. ప్రమాదం జరిగినా, కాన్పయినా సాయం అందాలంటే ఆ కార్డే ఆధారం. ఆ సాయానికి డబ్బు మేం ముందే కట్టేశాం కూడా: ప్లాను పాసయ్యేటప్పుడే నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు కట్టించుకున్నారు, రశీదు నా బీరువాలోనే ఉంది. డబ్బు వెళ్లింది, ఆ డబ్బు ఎవరికోసమో ఆ మనుషుల పేర్లే ఎక్కడా లేవు.

సరే, ఆమె రోజులు లెక్కపెడదామని మేస్త్రి చిట్టా తీసుకున్నాను. సిమెంటు మరకలు పడిన పొడుగు నోటు పుస్తకం. ఎంత తిరగేసినా ఆమె పేరు కనిపించలేదు. అడిగితే మేస్త్రి ఆమె భర్త పేరు చూపించాడు, దాని పక్కన చిన్నగా '+1' అని ఉంది. ఆ '+1' ఈ అక్క. అక్కడే ఇసుక గుట్ట మీద కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టాను, నూట పన్నెండు వచ్చాయి.

కార్డు తీసుకుంటే పీఎఫ్ కోస్తారేమో, రేషన్ కార్డు పోతుందేమో అని పక్కనున్నవాళ్లు ఆమెను భయపెట్టారు. మా దగ్గర పీఎఫే లేదు, పోనీ ఉన్నా, ఆమె వాటాతో పాటు ఓనరు కూడా అంతే కట్టాలి కదా అని చెబితే వాళ్లు నమ్మలేదు. వాళ్లను తప్పుపట్టలేను. రెండేళ్ల కిందట ఇంకో సైటులో పరంజా మీంచి పడి కాలు విరిగిన కుర్రాడి విషయంలో, "వాడు మా దగ్గర పనిచేసినట్టు ఎక్కడుంది?" అన్న మాట వీళ్లూ విన్నారు, నేనూ విన్నాను. పనిలో దెబ్బ తగిలితే యజమానే పరిహారం ఇవ్వాలన్న నియమం 1923 నుంచీ ఉంది. కానీ ఆ కుర్రాడి పేరు మీద ఒక్క కాగితం లేదు, ఆ రోజు నేను నోరు విప్పలేదు.

వచ్చేటప్పుడు దారిలో ఒక కొత్త రిజిస్టరు కొన్నాను. సోమవారం నుంచి హాజరు మేస్త్రి చిట్టాలో కాదు, ఇందులో ఎక్కుతుంది, ఒక్కో మనిషికి ఒక్కో వరుస, కూలి తీసుకున్న సంతకంతో సహా. ఆ నూట పన్నెండు రోజులూ తేదీలతో ఒక తెల్లకాగితం మీద రాశాను, పైన ఆమె పూర్తి పేరు. కింద ఓనరు గారి సంతకం కోసం ఖాళీ ఉంచాను. పెట్టనంటారేమోనని టెన్షన్‌గానే ఉంది. ఆయన సోమవారం పదింటికి వస్తారు.