మొదటి 200 కిలోమీటర్లు: నా అనుభవం

ఒకరోజు సైకిల్ తొక్కుతుంటే 82వ కిలోమీటరు దగ్గర ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టయింది. పిక్కలు పట్టేయలేదు, ఆయాసమూ లేదు. చేతులు సన్నగా వణుకుతున్నాయి, చల్లటి చెమట పోస్తోంది. పక్కనున్న కిలోమీటరు రాయి మీద అంకె కనబడుతోంది గానీ అదెంతో బుర్రకెక్కడం లేదు. అక్కడున్నది చిన్న ఎత్తు. మామూలు రోజుల్లో గేరు మార్చకుండా ఎక్కేసేవాణ్ని, ఆ రోజు సగంలో దిగిపోయి గట్టు మీద కూలబడ్డాను.

వెనక వస్తున్న పెద్దన్న ఆగాడు. ఏమైందని అడగలేదు. "పొద్దుట్నుంచి ఏం తిన్నావురా?" అన్నాడు.

బయల్దేరేటప్పుడు ఒక అరటిపండు తిన్నాను, అంతే. ఆకలి వేయలేదు, అందుకే తినలేదు. ఆయన వీపు జేబులోంచి ఖర్జూరాల పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. "నెమ్మదిగా నములు. మధ్యమధ్యలో నీళ్లు తాగు. నేను చెప్పేదాకా లేవకు." ఇరవై నిమిషాలకి ఆ రాయి మీది అంకె మళ్లీ అంకెలా కనిపించింది.

దీన్నే సైకిల్ తొక్కేవాళ్లు బాంక్ అవడం అంటారు. కండరాల్లో, కాలేయంలో మనం దాచుకునే గ్లైకోజెన్ (ఒంట్లో నిలవుండే చక్కెర) మొత్తం కలిపితే 400 నుంచి 500 గ్రాములు. అంటే సుమారు 2000 కేలరీలు. కాస్త గట్టిగా తొక్కితే గంటకి 500 కేలరీలు ఇట్టే ఖర్చవుతాయి. కొవ్వు నుంచి కూడా శక్తి వస్తుంది గానీ మనకి కావలసినంత వేగంగా రాదు. మెదడు నడిచేది ఎక్కువగా గ్లూకోజ్ మీదే. అందుకే రక్తంలో అది పడిపోయినప్పుడు కాళ్లతో పాటు బుద్ధి కూడా మందగిస్తుంది. ఇదంతా ఆ సాయంత్రం అక్క నాకు ఓపిగ్గా విడమరచి చెప్పింది.

మా సైకిల్ గుంపులో మేం ఏడుగురం. అక్క మాకంటే ముందునుంచీ దూరాలు తొక్కుతోంది. పెద్దన్న నెమ్మది మనిషి, ఎంత ఎత్తు వచ్చినా ఒకటే వేగం. అందరికంటే చిన్నవాడు తమ్ముడు, కారైనా సైకిలైనా చెయ్యి పెడితే దారికొస్తుంది. మా మాటలు మూడు చుట్టూనే తిరుగుతాయి: వచ్చే ఆదివారం ఎటు, దార్లో ఏం తినాలి, ఎవరి కారు మొరాయించింది. మంచి రోడ్లు ఇంటికి దూరంగా ఉంటాయి కదా, సైకిళ్లను కారు వెనక కట్టుకుని వెళ్లాల్సిందే. అందుకే కారు బాగోగులు కూడా మాకు సైకిల్ బాగోగులే. చేరిన కొత్తలో ఇవి ఊసుపోక చెప్పుకునే కబుర్లనుకునేవాణ్ని. నేనడక్కుండానే నాకు కావలసినదంతా వాటిలోనే వినిపించిందని తర్వాత తెలిసింది.

బాంక్ అయిన రెండు వారాలకి అక్క బ్రెవే మాట ఎత్తింది. "రెండొందలకి పేరిద్దాం, నువ్వూ రా" అంది. బ్రెవే పందెం కాదు. ఇచ్చిన సమయంలోపు దూరం పూర్తి చేస్తే చాలు, ఫస్టు సెకండు లెక్కలుండవు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఒక్క సీజన్‌లో ఆ నాలుగూ పూర్తి చేసినవాళ్లని సూపర్ రాండనార్ అంటారు. దార్లో కంట్రోళ్లుంటాయి, అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. కంట్రోలుకీ కంట్రోలుకీ మధ్య బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. పంక్చరైనా చైను తెగినా నీ పనిముట్లతో నువ్వే బాగుచేసుకోవాలి, తోటి రైడర్లు సాయపడొచ్చు. ఏ దేశంలో తొక్కినా ఫలితాలను ఖాయం చేసేది 1904లో ఫ్రాన్స్‌లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిజియన్. 1891లో మొదలైన సైకిల్ యాత్ర పారిస్-బ్రెస్ట్-పారిస్‌ని ఇప్పుడు నాలుగేళ్లకోసారి నడిపేదీ వాళ్లే. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. ఆ పేరు తలుచుకున్నప్పుడు పెద్దన్న గొంతు కాస్త మెత్తబడుతుంది.

నాకు కాళ్ల గురించి భయం లేదు, కడుపు గురించే భయం. అక్క లెక్క సూటిగా చెప్పింది: "మొదటి అరగంట నుంచే గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఆకలి కోసం చూడకు, గడియారం చూడు." మధ్యరకం అరటిపండులో 27 గ్రాములుంటాయి. ఉడికించిన బంగాళాదుంప 100 గ్రాములు తింటే సుమారు 20. వంటింటి త్రాసు మీద ఒక్కొక్కటీ తూచి చిన్న సంచుల్లో కట్టుకోవడం మొదలుపెట్టాను.

మొదటి ప్రయత్నం చెడింది. ఎనర్జీ జెల్స్ రెండు వెంటవెంటనే మింగి మీద రెండే గుక్కల నీళ్లు తాగాను. అరగంటలో కడుపులో బండరాయి పెట్టినట్టయింది. అంత చిక్కటి చక్కెర పలచబడాలంటే నీళ్లు కావాలి. నేను తాగకపోతే ఒంట్లోని నీటినే పేగులు లాక్కుంటాయి. అక్కతో చెబితే "కొంచెం కొంచెంగా పెంచు, కడుపుకీ సాధన కావాలి" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది. కాళ్లకి ఆరు వారాల సాధన ఇస్తాం, కడుపుని మాత్రం ఒక్కరోజులో అలవాటు పడమంటాం.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక పరీక్షే. మూడు గంటల వరకు తీపి బాగానే దిగుతుంది, ఐదో గంటకి ఖర్జూరం వాసనే వద్దనిపిస్తుంది. అప్పుడు ఉప్పు జల్లిన చిన్న బంగాళాదుంపలు నా ప్రాణం నిలబెట్టాయి. తొక్కతోనే ఉడికించి, కాస్త నూనె, ఉప్పు పట్టించి, ఒక్కొక్కటీ నోట్లో పట్టేంతవి ఏరి, హ్యాండిల్‌కి కట్టిన సంచిలో వేసుకునేవాణ్ని. ఒంటి చేత్తో తీసుకోవచ్చు, నమలడం తేలిక, మెత్తబడినా చెడిపోవు. ఒక సీసాలో ఉత్త నీళ్లు, ఇంకో దాంట్లో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు. సైకిల్ కంప్యూటర్‌లో 25 నిమిషాలకోసారి గంట మోగేలా పెట్టుకున్నాను. మోగితే తినాలి, అంతే.

దూరాలు 100, 130, 150 అలా పెరిగాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

బ్రెవే రోజు ఆరింటికి స్టార్ట్. అక్కడికి గంట ప్రయాణం. రాత్రే సైకిల్‌ని కారు వెనక క్యారియర్‌కి బిగించి, సంచులన్నీ సర్దుకుని పడుకున్నాను. పొద్దున నాలుగూ పదికి తాళం తిప్పితే టకటకటకమని చప్పుడు. సెల్ఫ్ ఎత్తలేదు. డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారి ఆరిపోతున్నాయి. రెండోసారి తిప్పాను, అదే చప్పుడు. రెండు నెలల సాధన ఆ చీకట్లో ఆగిపోయిందనిపించి గొంతు పూడుకుపోయింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడప్పుడే బయల్దేరుతున్నాడు. "అన్నా, ఒక్కసారే టక్ మని ఆగిందా, గబగబా టకటకమందా?" అన్నాడు. గబగబా అన్నాను. "అయితే బ్యాటరీ డౌన్. ఒక్కసారే టక్ మంటే స్టార్టర్ మోటారు మీద అనుమానపడాలి. ఇంక తాళం తిప్పకు. మీవైపే వస్తున్నా, పావుగంట." గేర్ల కారే కదా, తోసి స్టార్ట్ చేద్దామా అన్నాను. "చీకట్లో, వెనక సైకిల్ పెట్టుకుని తోయొద్దన్నా" అన్నాడు.

వాడొచ్చేలోపు టార్చి పట్టుకుని కారు చుట్టూ తిరిగాను. కారణం వెనకే దొరికింది. క్యారియర్ పట్టీ కొస ఒకటి డిక్కీ అంచులో ఇరుక్కుంది. తలుపు మూసుకున్నట్టే ఉంది గానీ గొళ్లెం పూర్తిగా పడలేదు. డిక్కీలో చిన్న దీపం రాత్రంతా వెలుగుతూనే ఉండి చివరికి మిణుగురులా మిగిలింది.

తమ్ముడు తన కారుని నా కారుకి ఎదురుగా, తగలకుండా నిలిపి ఇంజన్ ఆపాడు. జంపర్ కేబుల్స్ తీసి, ఒక్కో క్లిప్పూ నా చేతే పెట్టించాడు. ఎర్రది ముందు నా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస వాడి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది వాడి బ్యాటరీ మైనస్‌కి. మిగిలిన నల్ల కొస నా బ్యాటరీ మైనస్‌కి పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. "అక్కడ కాదన్నా. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు. దూరంగా, రంగు లేని ఇనుము మీద పెట్టు." ఇంజన్‌కున్న మందపాటి బోల్టు చూపించాడు. తన కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడవనిచ్చి, అప్పుడు నన్ను తాళం తిప్పమన్నాడు. ఒక్కసారికే అందుకుంది. తీసేటప్పుడు మళ్లీ వెనక నుంచి ముందుకి, ఇనుము మీది నల్ల క్లిప్పు మొదట. "ఇంక ఎక్కడా ఇంజన్ ఆపొద్దు" అని నా వెనకే వచ్చాడు.

ఐదూ నలభైకి చేరాం. కారుని ముందు భాగం దారివైపు ఉండేలా పెట్టించి, తనదాన్ని పక్కనే ఆపాడు. సాయంత్రం మళ్లీ పనిపడుతుందని వాడికి అప్పటికే తెలుసు.

మొదటి 40 కిలోమీటర్లు ముందున్న గుంపు వెంట పడి నా వేగం మించి తొక్కాను. అక్క పక్కకొచ్చి, "నాతో మాట్లాడుతూ తొక్కు" అంది. రెండు ముక్కలు మాట్లాడేసరికి ఊపిరి అందలేదు. ఇంకేమీ చెప్పలేదు, నేనే గేరు తగ్గించాను. 100వ కిలోమీటరు కంట్రోలు స్టార్ట్ అయిన 6 గంటల 40 నిమిషాలకి మూసేస్తారు, మేం 5 గంటల 20 నిమిషాలకి చేరాం. కార్డు మీద ముద్ర పడుతుంటే ఎంతో సంతోషమేసింది. అక్కడ పది నిమిషాలు కూర్చున్నాను, అంతకు మించి కూర్చుంటే కాళ్లు బిగుసుకుంటాయని పెద్దన్న లేపేశాడు.

128 దగ్గర వెనక టైరు మెత్తబడింది. కొత్త ట్యూబు వేసేయబోతే పెద్దన్న ఆపాడు. "ముందు దొంగని పట్టుకో" అన్నాడు. టైరు లోపలివైపు గుడ్డతో చుట్టూ తుడుస్తూ పోతే ఒకచోట పోగు పట్టుకుంది. వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ. లారీ టైర్లు పగిలినప్పుడు రోడ్డు మీద రాలే రకం. బయటినుంచి చూస్తే కనబడదు. పట్టకారు లేదు, గోళ్లతో లాగి లాగి తీయడానికి పది నిమిషాలు పట్టింది. అది తీయకపోతే కొత్త ట్యూబు కూడా ఐదు కిలోమీటర్లు పోయేది కాదు.

తర్వాత ఎదురుగాలి. 140 నుంచి 175 వరకు తెరిపి లేదు. ముగ్గురం వరస కట్టి, ఐదేసి నిమిషాలు ఒక్కొక్కరం ముందుండి గాలి కాశాం. వెనకున్నవాడికి ఎంత తేలికో ముందుకెళ్లినప్పుడే తెలుస్తుంది. గంట మోగినప్పుడల్లా తిన్నాను. ఇష్టంగా కాదు, మోగింది కాబట్టి. 160 దగ్గర, చాలా దూరం సాగే ఒక ఎత్తు మీద, ఒంట్లో వెతుక్కున్నాను: చేతులు వణుకుతున్నాయా, తల తేలిపోతోందా అని. లేదు. కాళ్లు నొప్పిగా ఉన్నాయి, అంతే. ఆ నొప్పితో తొక్కొచ్చు. బంగాళాదుంప నములుతూ ఆ ఎత్తు పైదాకా ఎక్కాను.

మొదలుపెట్టిన 12 గంటల 20 నిమిషాలకి ముగించాం. కార్డిచ్చి సంతకం పెడుతుంటే వేళ్లు బిగుసుకుపోయి నా పేరు వంకరగా పడింది.

కారు దగ్గరికెళ్లి తాళం తిప్పాను. టకటకటక. తమ్ముడు అప్పటికే కేబుల్స్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాడూ 200 కిలోమీటర్లు తొక్కినవాడే. మళ్లీ అదే వరసలో క్లిప్పులు, ఈసారి నేనే పెట్టాను. ఇంటిదాకా నా వెనకే వచ్చాడు.

మర్నాడు మీటరు పెట్టి చూశాడు. నిండా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. రాత్రి గంటసేపు నడిచి వచ్చిన కారు, పొద్దున్నకి 11.7 దగ్గరుంది. ఇంజన్ స్టార్ట్ చేశాక 14.2 చూపింది, అంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. "దీపం వెలగడం ఒక్కటే కాదన్నా, బ్యాటరీకి వయసైపోయింది. దీపం దాన్ని బయటపెట్టింది" అన్నాడు. ఐదేళ్లు దాటింది దానికి. కొత్తది బిగించి, మీద మార్కర్‌తో తేదీ రాశాం. ఇరుక్కునే పట్టీ కొసని మడిచి కుట్టేశాను. ఇప్పుడు సైకిల్ కట్టిన రాత్రి, డిక్కీ అద్దంలోంచి దీపం ఆరిందని చూశాకే ఇంట్లోకి వెళతాను.

300కి పేరిచ్చాం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే అర్ధరాత్రి దాటుతుంది. ముందూ వెనకా దీపాలు, మెరిసే జాకెట్టు ఉండాలి. అవి సమకూర్చుకున్నాను. నిన్న అక్క అడిగింది: "రాత్రి పదకొండింటికి నీ కడుపు ఏం ఒప్పుకుంటుంది?" జవాబు లేదు నా దగ్గర. శనివారం చీకటి పడ్డాక బయల్దేరి చూస్తాం. బంగాళాదుంపలు మామూలే, పెద్దన్న మాత్రం ఉత్త అన్నం ముద్దలు కట్టుకొస్తానన్నాడు.