బావగారి కీ బావగారిదేనా?

నాన్నగారి పొలానికి సంబంధించిన కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి, వాటిలో సగానికి సంతకం పెట్టవలసిన బావగారు న్యూజెర్సీలో ఉన్నారు. లింకు దస్తావేజుల స్కాన్‌లు, ఆధార్ నకళ్లు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చిత్తుప్రతులు మా ఇద్దరి మధ్య తరచుగా తిరుగుతుంటాయి. వీటిని మామూలు ఈమెయిల్‌లో పంపడం నాకు ఇష్టం లేకపోయింది. థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాంలో 2020 నాటి 78వ వెర్షన్ నుంచి, అందుకునేవారు తప్ప ఇంకెవరూ ఉత్తరం చదవలేకుండా చేసే ఓపెన్‌పీజీపీ ఎన్‌క్రిప్షన్ లోపలే ఉంది కనుక, ఇద్దరం దానినే వాడాలని అనుకున్నాము. ఆయన పబ్లిక్ కీ కోసం, అలాంటి కీలను అందరికీ దొరికేలా ఉంచే ఒక కీ సర్వర్‌లో వెతికితే ఒకటి కాదు, రెండు దొరికాయి. రెండింటి మీదా ఆయన పేరే, ఆయన ఈమెయిల్ చిరునామాయే ఉన్నాయి.

ఇలా రెండు కనబడడంలో వింత లేదు. పాత పద్ధతి కీ సర్వర్ ఎవరు ఏ కీ తెచ్చి ఇచ్చినా పుచ్చుకుంటుంది, దాని మీద రాసిన పేరు నిజమో కాదో విచారించదు. నేను ఈ పూటే జిల్లా కలెక్టరు గారి పేరుతో ఒక కీ తయారుచేసి అక్కడ పెట్టినా అడిగేవారు ఉండరు. పబ్లిక్ కీని నేను తెరిచి ఉన్న తాళంకప్పగా ఊహించుకుంటాను. ఎవరైనా దానిని తీసుకుని పెట్టెకు వేసి నొక్కవచ్చు, తీయడానికి కావలసిన తాళంచెవి మాత్రం దాని యజమాని దగ్గరే ఉంటుంది. కప్ప ఎంత గట్టిదో చెప్పడానికి లెక్కలు ఉన్నాయి, అది ఎవరిదో చెప్పే లెక్క మాత్రం లేదు. నడుమ ఎవరైనా తన కప్పను బావగారిదని నాకు అంటగడితే, నా ఉత్తరాన్ని తెరిచి చదువుకుని, తిరిగి బావగారి అసలు కప్ప వేసి ముందుకు పంపగలడు. ఉత్తరం అందుతుంది, జవాబు వస్తుంది, మా ఇద్దరిలో ఎవరికీ ఏ తేడా కనబడదు.

అందుకే ప్రతి కీకీ ఒక వేలిముద్ర ఉంటుంది, అంటే ఆ కీ నుంచే లెక్కగట్టి తీసిన గుర్తింపు సంఖ్య. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న నాలుగో తరహా కీలలో ఇది 160 బిట్ల సంఖ్య. తెర మీద 40 అక్షరాలుగా, నాలుగేసి చొప్పున పది గుంపులుగా కనబడుతుంది. 0 నుంచి 9 వరకు అంకెలు, ఇంగ్లీషు ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు తప్ప అందులో ఇంకేమీ ఉండవు. 2024లో వచ్చిన కొత్త ప్రమాణంలోని ఆరో తరహా కీలకు ఇది 64 అక్షరాలకు పెరిగింది.

నేను బావగారికి ఫోన్ చేశాను, అదీ ఉత్తరం అడుగున ఉన్న నంబరుకు కాదు, ఏళ్లుగా నా ఫోన్‌లో ఉన్న నంబరుకు. నేను చదువుతుంటే ఆయన ఊ కొట్టడం కాకుండా, ఆయన తన తెర మీద ఉన్నది చదవాలనీ నేను నా తెర మీద సరిచూసుకోవాలనీ కోరాను, ఎందుకంటే పరధ్యానంలో ఉన్నవారు కూడా ఊ కొట్టగలరు. మొదటి గుంపులోనే చిక్కు వచ్చింది. ఆయన అంకెలను తెలుగులో చెబుతుంటే "ఏడు" అన్నది ఏడో, ఏ తరువాత డీయో నాకు తెలియలేదు. బీ, డీ, ఈ మూడూ ఫోన్‌లో ఒకేలా వినబడతాయి. చివరకు అంకెలను ఇంగ్లీషులోనూ, అక్షరాలను చిన్నప్పటి బడిలోలాగా ఏ ఫర్ ఆపిల్, బీ ఫర్ బాల్, డీ ఫర్ డాగ్ అనీ చదివారు. నాలుగు గుంపులు అయ్యాక ఆయన, "ఇన్ని ఎందుకు, చివరి ఎనిమిది చెబితే చాలదా?" అని అడిగారు.

చాలామంది అలాగే అనుకుంటారు, ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. వేలిముద్రలోని చివరి 8 అక్షరాలను పొట్టి కీ ఐడీ అంటారు. ఆ 8 అక్షరాలతో ఏర్పడే సంఖ్యలు సుమారు 429 కోట్లు మాత్రమే, ఆ మాత్రం వెతుకులాట నేటి గ్రాఫిక్స్ కార్డుకు క్షణాల పని. కోరిన 8 అక్షరాలతో ముగిసే కీని ఎవరైనా చేసుకోవచ్చని 2014లో ఇద్దరు పరిశోధకులు చేసి చూపించారు. 2016లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరిట, ఆయన పొట్టి ఐడీతోనే, నకిలీ కీ ఒకటి కీ సర్వర్లలో కనబడింది. కనుక 40 అక్షరాలూ చదవవలసిందేనని చెప్పాను. చదవడానికి రెండు నిమిషాలు పట్టింది.

తేలిందేమిటంటే, రెండో కీ కూడా బావగారిదే. అది 2013లో చేసినది. ఆ లాప్‌టాప్ పాడైపోయింది, పాస్‌వర్డ్ గుర్తులేదు, గడువు తేదీ పెట్టలేదు, ఈ కీ ఇక చెల్లదని చాటే రద్దు పత్రం తీసి ఉంచలేదు. ఏ దొంగా లేకపోయినా, ఆ రోజు నేను ఆ కీతో దస్తావేజులు పంపి ఉంటే భూమి మీద ఎవరూ వాటిని తెరవలేకపోయేవారు. ఆ కీ నేటికీ ఆ సర్వర్‌లో బతికి ఉన్నట్టే కనబడుతుంది. ఈ సంగతి నన్ను చాలాకాలం బాధించింది, ఎందుకంటే ఆ కీని ఆయన చేత చేయించినది నేనే, రద్దు పత్రం గురించి చెప్పనిదీ నేనే.

చేర్చుకున్న కీ వివరాలు తెరిస్తే థండర్‌బర్డ్ నాలుగు జవాబులు చూపిస్తుంది: ఈ కీని తిరస్కరిస్తున్నాను, ఇప్పుడే కాదు తరువాత చూస్తాను, ఒప్పుకుంటున్నాను గాని సరిచూడలేదు, నేను స్వయంగా వేలిముద్ర సరిచూశాను. తొందరలో నాలుగోదాన్ని నొక్కేవారిని నేను ఎరుగుదును. సరిచూడనప్పుడు మూడోదే నిజమైన జవాబు. దానితోనూ ఉత్తరం ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది, కాకపోతే మిగిలిన పని ఇంకా ఉందని ఆ గుర్తు మనకు చెబుతూ ఉంటుంది.

ఇంకొకరి కీ మీద మన సంతకం పెట్టి లోకానికి చూపే పద్ధతి కూడా ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకం లాంటిదే ఇది, ఈ మనిషి నాకు తెలుసు, ఈ కీ ఇతనిదే అని చెప్పడం. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ వంటి ప్రాజెక్టులలో పనిచేసేవారు కలుసుకున్నప్పుడు గుర్తింపు కార్డులు చూసుకుని, వేలిముద్ర అచ్చువేసిన చీటీలు మార్చుకుంటారు. ఇంటికి వెళ్లాక సంతకం చేసిన కీని ఎన్‌క్రిప్ట్ చేసి దాని మీద ఉన్న చిరునామాకే పంపుతారు, అప్పుడు ఆ ఈమెయిల్ కూడా ఆ మనిషిదేనని రుజువవుతుంది. ముచ్చటైన ఏర్పాటే గాని, 2019లో దీనినే ఆయుధంగా వాడారు. ఓపెన్‌పీజీపీ పనులు చేసే గ్నూపీజీ అనే ప్రోగ్రాం వర్గంలో పేరున్న ఇద్దరి కీల మీద ఎవరో వేలకు వేలు దొంగ సంతకాలు గుమ్మరించారు, ఆ కీలను దించుకున్నవారి గ్నూపీజీ కదలలేని స్థితికి వచ్చింది. సర్వర్ల నుంచి వచ్చే ఇతరుల సంతకాలను గ్నూపీజీ ఆ తరువాత పట్టించుకోవడం మానేసింది. అదే ఏడాది వచ్చిన ఒక కొత్త సర్వర్, ఈమెయిల్‌కు లింకు పంపి యజమాని ఒప్పుకున్నాకే చిరునామాను చూపుతుంది. నేను ఇప్పుడు నా కంప్యూటరు వరకే చెల్లే స్థానిక సంతకం పెట్టుకుంటాను. నాకు ఎవరెవరు తెలుసో ఊరందరికీ చాటవలసిన అవసరం నాకు కనబడలేదు.

మన దేశంలో ఆదాయపు పన్నుకో, కంపెనీ రిటర్నులకో వాడే డిజిటల్ సంతకాల దారి వేరు. 2000 నాటి ఐటీ చట్టం కింద లైసెన్సు పొందిన సంస్థ మనిషిని విచారించి పత్రం ఇస్తుంది, మనం ఆ సంస్థను నమ్ముతాము. ఓపెన్‌పీజీపీలో ఆ విచారణ నేనే చేయాలి. ఆ బరువు నాకు ఇష్టమే.

బావగారి కొత్త కీకి రెండేళ్ల గడువు పెట్టించాను. ప్రైవేట్ కీ, అంటే ఆ తాళంచెవి, చేతిలో ఉన్నంతవరకు గడువును ఎప్పుడైనా, దాటిపోయాక కూడా, పొడిగించవచ్చు. దొంగ చేతికి చిక్కితే వాడూ పొడిగించగలడు కనుక గడువు దొంగతనానికి మందు కాదు, మరిచిపోయిన కీ దానంతట అది మూతపడడానికి మాత్రమే పనికొస్తుంది. దొంగతనానికి మందు రద్దు పత్రం. గ్నూపీజీ 2.1 నుంచి కీ చేసినప్పుడే దీన్ని తానే రాసి ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. పొరపాటున ఎవరూ వాడేయకుండా మొదటి గీతల ముందు ఒక కోలన్ కూడా ఉంచుతుంది, దాన్ని చెరిపితేనే పత్రం పనిచేస్తుంది. నాది అచ్చువేసి బీరువాలో పట్టాదారు పాస్‌పుస్తకంతో పాటు పెట్టాను, దాని వెనుకే బావగారి వేలిముద్రను చేత్తో రాసుకున్నాను.

మొన్న ఆయన గడువు పొడిగించి కీని మళ్లీ పంపారు. గడువు మారినా వేలిముద్ర మారకూడదు. కాగితం తీసి తెర పక్కన పెట్టుకుని వేలితో ఒక్కొక్క గుంపే చూశాను. పదీ అవే. ఆ సాయంత్రం లింకు దస్తావేజుల స్కాన్ ఆయనకు పంపాను.